చిన్న రాకెట్టు – పెద్ద రాకెట్టు

(సైన్సు పాఠం. మొత్తం ఐదు షీట్లు. ఎడమ నుండి కుడికి వరుసగా చదవగలరు.)



సైన్సు దినం నాడు, అనగా ఫిబ్రవరి 28న, మా తొమ్మిదో తరగతి వాళ్లం ఉస్మానియా క్యాంపస్ మైదానంలో రెండు లీటర్ల నీళ్ల రాకెట్టు ఎగరేసిన సంగతి మీ అందరికీ తెలుసు. అప్పటి నుండి మెస్సులో, నల్లా కాడ, ఎక్కడ చూసినా ఒకటే మాట: "ఇంకా పెద్దది చేద్దాం." ఎనిమిదో తరగతి చెల్లెళ్లు కొందరు ఒక ఇనుప పైపు ముక్క కూడా తెచ్చి దాచిపెట్టుకున్నారు. దాంట్లో పటాకుల మందు నింపితే మబ్బుల దాకా పోతదని వాళ్ల ఆలోచన.

పెద్దది చేయాలనే కోరిక మంచిదే. కాని చిన్నదాన్ని అన్ని వైపులా సాగదీస్తే పెద్ద రాకెట్టు కాదు. ఏది ఎన్ని రెట్లు పెరుగుతదో ముందు కాగితం మీద లెక్క చూసుకోవాలి. ఆ లెక్క తెలిసినవాళ్లు ఇనుప పైపు జోలికి పోరు. అందుకే ఈ పాఠం రాస్తున్నాను. న్యూటన్ నియమాలు, ఉపరితల వైశాల్యం, ఘనపరిమాణం – ఈ మూడు వస్తే పాఠం మొత్తం అర్థమవుతుంది. రానివాళ్లు కూడా చదవండి, అగ్గిపెట్టెలతో చెప్తాను.

1. రాకెట్టు ఎట్లా పైకి పోతది?

బుగ్గను ఊది మూతి కట్టకుండా వదిలిపెట్టండి. గాలి వెనక్కి పోతది, బుగ్గ ముందుకు పోతది. ఇదే న్యూటన్ మూడో నియమం. ప్రతి చర్యకు సమానమైన, వ్యతిరేక దిశలో ప్రతిచర్య ఉంటుంది. దీపావళికి కాల్చే తారాజువ్వ అయినా, చంద్రుని మీదికి పోయిన రాకెట్టు అయినా ఇదే నియమం.

చాలామంది, రాకెట్టు నేలను తన్ని పైకి లేస్తదనుకుంటారు. అది నిజం కాదు. నేలను తన్నేదే అయితే పైకి పోయినాక తన్నడానికి ఏముంటుంది? రాకెట్టు తన లోపల ఉన్నదాన్నే వెనక్కి విసిరి ముందుకు పోతుంది. అందుకనే గాలి లేని చోట కూడా పోగలదు. నీళ్ల రాకెట్టులో విసిరేది నీళ్లు. విసిరే బలం, మనం పంపుతో నింపిన గాలిది.

2. రెండింతలు అంటే ఎన్ని ఇంతలు?

వంటగదిలో అడిగి 8 ఖాళీ అగ్గిపెట్టెలు తెచ్చుకోండి. పొడవులో రెండు, వెడల్పులో రెండు, ఎత్తులో రెండు వచ్చేటట్టు పేర్చండి. ఇప్పుడు ఒక పెద్ద అగ్గిపెట్టె అయింది. దాని పొడవు, వెడల్పు, ఎత్తు అన్నీ చిన్నదానికి రెండింతలు. మరి కాగితం అంటించాలంటే? ఏ ముఖం చూసినా నాలుగు పెట్టెల ముఖాలు కనబడతాయి, అంటే కాగితం నాలుగింతలు కావాలి. బరువో? ఎనిమిదింతలు!

పొడవు 2 రెట్లయితే,
వైశాల్యం 2 × 2 = 4 రెట్లు,
ఘనపరిమాణం (బరువు) 2 × 2 × 2 = 8 రెట్లు.

పాఠం మొత్తానికి తాళంచెవి ఇదే. చీమ కాళ్లు వెంట్రుకల్లాగ ఉన్నా దాన్ని మోస్తాయి. ఏనుగు కాళ్లు మాత్రం స్తంభాల్లాగ ఉండాలి. చీమను ఏనుగంత సాగదీస్తే దాని కాళ్లు విరిగిపోతాయి, ఎందుకంటే కాలి బలం వైశాల్యం లెక్కన పెరుగుతది, బరువు ఘనపరిమాణం లెక్కన పెరుగుతది. ఈ సంగతి గెలీలియో 1638లో అచ్చయిన తన పుస్తకంలోనే వివరించాడు.

3. మా రెండు రాకెట్ల లెక్క

మేము మొదట జనవరిలో అర లీటరు కూల్‌డ్రింకు సీసాతో చిన్నది చేసినం. అది నాలుగైదుసార్లు సరిగ్గా ఎగిరినంక రెండు లీటర్ల సీసాకు పోయినం. కిరాణా దుకాణం త్రాసు మీద తూచి, స్కేలుతో కొలిచి రాసుకున్న లెక్కలు ఇవి (అన్నీ సుమారుగా):

సీసా వెడల్పు: చిన్నది 6.5 సెం.మీ., పెద్దది 10.5 సెం.మీ. (1.6 రెట్లు)
పట్టే నీళ్లు, గాలి: అర లీటరు, 2 లీటర్లు (4 రెట్లు)
నీళ్లు లేకుండా రాకెట్టు బరువు: 65 గ్రాములు, 140 గ్రాములు (2 రెట్లకు కొంచెం పైన)
పోసిన నీళ్లు, మూడో వంతు: 165 గ్రాములు, 660 గ్రాములు (4 రెట్లు)
ఎగరేసేటప్పుడు మొత్తం బరువు: 230 గ్రాములు, 800 గ్రాములు (మూడున్నర రెట్లు)
పంపు కొట్టిన సార్లు: 10, 40 (4 రెట్లు)
సీసా మూతి లోపలి వెడల్పు: రెండింటికీ 2.2 సెం.మీ. (మార్పు లేదు!)

కడపటి వరుస మళ్లీ చదవండి. సీసా పెరిగింది, మూతి పెరగలేదు. కంపెనీవాళ్లు చిన్న సీసాకూ పెద్ద సీసాకూ ఒకటే కొలత మూతి పెడతారు. దాంతో ఏమయిందో చూడండి.

మూతి వైశాల్యం సుమారు 3.8 చదరపు సెం.మీ. మేము గాలి నింపింది ఒక్కో చదరపు సెంటీమీటరుకు 3 కిలోల పీడనం దాకా. పంపు మీటరు మీద అది 45 పౌండ్లు. పీడనాన్ని వైశాల్యంతో గుణిస్తే 11 కిలోలు వస్తుంది. నీళ్లు వేగంగా దూసుకుపోతాయి కాబట్టి తోపు దానికి రెండింతలు, అంటే 22 కిలోల దాకా ఉంటుంది (ఎందుకు రెండింతలో పై తరగతుల్లో వస్తుందని సార్ చెప్పారు). మూతి ఒకటే, పీడనం ఒకటే కాబట్టి రెండు రాకెట్లకూ మొదటి తోపు ఒకటే. కాని చిన్నదాని బరువు పావు కిలో కూడా లేదు. పెద్దదాని బరువు 800 గ్రాములు. కాబట్టి చిన్నదాన్ని దాని బరువుకు 95 రెట్ల బలం తోస్తే, పెద్దదాన్ని 27 రెట్ల బలమే తోసింది.

చిన్నది కండ్లు మూసి తెరిచేలోపే లేచిపోయింది. పెద్దది దానికన్న నిదానంగా లేచింది, దాని కింద తెల్లటి నీటి తోక అందరికీ కనబడింది. నిదానం అంటే బలం లేదని కాదు. నాలుగింతల నీళ్లు అదే మూతిలోంచి పోవాలి కాబట్టి తోపు నాలుగింతల సేపు ఉంటుంది.

చిన్నదానికి రబ్బరు బిరడా సరిపోయింది. గాలి ఎక్కువ కాగానే బిరడా తనంతట అదే ఊడుతుంది. పెద్దదానికి ఇది పనికిరాదు, ఎప్పుడు ఊడుతదో చెప్పలేం. కావున సీసా మెడకు ఉన్న ఉంగరాన్ని ప్లాస్టిక్ పట్టీలతో పట్టి ఉంచి, వాటి మీదికి ఒక పైపు ముక్క తొడిగినం. దూరం నుండి తాడు లాగితే పైపు ముక్క జారి, పట్టీలు విడిపోయి రాకెట్టు లేస్తుంది. ఎప్పుడు వదలాలో మన చేతిలోనే ఉంటుంది.

4. గోడ మందం – ఇనుప పైపు సంగతి

ఊళ్లల్లో చిన్న ముంత గోడ పలచగా, పెద్ద గోలెం గోడ మందంగా ఉంటుంది. కుమ్మరులు ఊరికే అట్ల చేయరు. గుండ్రటి పాత్ర లోపల పీడనం ఉన్నప్పుడు, పాత్ర వెడల్పు ఎన్ని రెట్లు పెరిగితే దాని గోడ అన్ని రెట్లు ఎక్కువ లాగబడుతుంది. చిన్న సీసా గోడ, పెద్ద సీసా గోడ మందం దాదాపు ఒకటే. కావున ఒకే పీడనం పెట్టినా పెద్ద సీసా గోడ మీద లాగుడు 1.6 రెట్లు. అందుకే పెద్దదానికి గాలి ఎక్కువ కొట్టాలనే ఆశ పెట్టుకోవద్దు. 45 పౌండ్ల దగ్గర ఆపాలి.

ఎగరేసే ముందు సీసాకు పరీక్ష పెట్టాలి. సీసా నిండా నీళ్లు పోసి, గాలి లేకుండా చేసి, 70 పౌండ్ల దాకా పీడనం పెట్టి ఐదు నిమిషాలు ఉంచాలి. నీళ్లు నలగవు, గాలి నలుగుతుంది. నలిగిన గాలి బిగించిన విల్లు లాంటిది, వదిలితే కొడుతుంది. నిండా నీళ్లున్న సీసా పగిలినా "చస్" మని కారిపోతుంది తప్ప ముక్కలు ఎగరవు. నిజం రాకెట్ల ఉక్కు గొట్టాలకు కూడా మందు నింపకముందు ఇట్లాగే నీళ్లతో పీడన పరీక్ష చేస్తారు. పెద్ద రాకెట్ల గొట్టాలకు వాడే గట్టి ఉక్కు మన హైదరాబాదులోనే, కంచన్‌బాగ్‌లోని మిధాని సంస్థలో తయారవుతుంది. ఆ సంస్థ 1973లో మొదలయింది. అంత మంచి ఉక్కును కూడా పరీక్ష పెట్టకుండా నమ్మరు. మరి ఎక్కడో దొరికిన తుప్పు పైపును మనం ఎట్లా నమ్మాలి?

ఇప్పుడు ఎనిమిదో తరగతి చెల్లెళ్లు శ్రద్ధగా చదవండి.

ఒకటి: పంపుతో గాలి కొట్టేటప్పుడు మీటరు చూస్తూ కొడతాం, చాలు అనిపిస్తే ఆపుతాం. మందుకు మీటరు లేదు. అంటుకున్నాక ఆపేది లేదు.

రెండు: మందు ఎంత ఎక్కువ వైశాల్యంలో కాలితే అంత గాలి పుడుతుంది. లోపల చిన్న పగులు ఉన్నా కాలే వైశాల్యం పెరుగుతది, పీడనం పెరుగుతది. పీడనం పెరిగితే ఇంకా తొందరగా కాలుతది. ఇది ఒకదాన్ని ఒకటి పెంచుకుంటూ పోయి రెప్పపాటులో పైపు పగులుతుంది.

మూడు: ప్లాస్టిక్ సీసా చినిగితే గుడ్డలాగ చినుగుతుంది. ఇనుము పగిలితే కత్తి ముక్కలు అవుతుంది. కండ్లు పోతాయి, వేళ్లు పోతాయి.

నాలుగు: పైపు రెండింతలు పెద్దది చేస్తే మందు ఎనిమిదింతలు పడుతుంది. అగ్గిపెట్టెలు గుర్తుకు తెచ్చుకోండి.

పైగా లైసెన్సు లేకుండా పేలుడు మందు తయారు చేయడం నేరం. దానికి 1884 నుండే చట్టం ఉంది.

5. సూటిగా పోవాలంటే

మా కోయ ఊళ్లల్లో బాణం చూసినవాళ్లకు ఈ భాగం సులభం. బాణానికి ముందు ఇనుప ములికి ఉంటుంది, వెనక ఈకలు ఉంటాయి. ముందు బరువు, వెనక వెడల్పు. మా తాత బడికి పోలేదు కాని బాణాన్ని వేలి మీద నిలబెట్టి, బరువు ముందుకు ఉన్నదా లేదా చూసి పక్కకు పెట్టేవాడు. రాకెట్టుకు కూడా అదే పరీక్ష.

రాకెట్టును దారం మీద వేలాడదీస్తే ఎక్కడ సమంగా నిలుస్తదో అది గురుత్వ కేంద్రం. గాలి ఒత్తిడి మొత్తం ఎక్కడ పనిచేస్తదో అది ఇంకో బిందువు. దాన్ని కనుక్కోవడానికి రాకెట్టు బొమ్మను అదే ఆకారంలో అట్ట మీద కత్తిరించి, ఆ అట్టను స్కేలు అంచు మీద నిలబెట్టాలి. అట్ట నిలిచిన చోటు దాదాపుగా గాలి బిందువు. గురుత్వ కేంద్రం ఎప్పుడూ గాలి బిందువుకు ముందు, కనీసం సీసా వెడల్పు అంత దూరంలో ఉండాలి. అప్పుడు రాకెట్టు కొంచెం పక్కకు తిరిగినా గాలి దాని తోకను తోసి మళ్లీ సూటిగా పెడుతుంది. వెనక ఉంటే గాల్లో పిల్లిమొగ్గలు వేస్తుంది.

నీళ్లన్నీ పోయినాక ఉండే ఖాళీ సీసాకు ఈ పరీక్ష చేయాలి. నీళ్లు రెప్పపాటులో అయిపోతాయి, మిగతా ప్రయాణం అంతా ఖాళీ సీసాదే. చిన్నదానికి ముక్కులో 10 గ్రాముల బంకమన్ను సరిపోయింది, పెద్దదానికి 25 గ్రాములు పట్టింది.

రెక్కలు మూడు చాలు. చిన్నదానికి ఒక్కో రెక్క 6 సెం.మీ. పొడవు, 5 సెం.మీ. వెడల్పు. పెద్దదానికి 1.6తో గుణిస్తే 9.6, 8 సెం.మీ. కాని ఇక్కడ కూడా ఒక చిక్కు ఉంది. అదే మందం అట్టతో పెద్ద రెక్క చేస్తే గాలికి వంగుతుంది, అరటాకులాగ. కావున ప్లాస్టిక్ ఫైలు అట్టను రెండు పొరలుగా అంటించినం. మైదా లయి తడికి ఊడుతుంది, టేపు వాడండి. సీసాను వేడి చేసి అంటించడం, సీసాకు రంధ్రం చేయడం, గరుకు కాగితంతో రుద్దడం చేయరాదు. గోడ బలం పోతుంది.

చివరగా, రాకెట్టు నడుముకు తాడు కట్టి తల చుట్టూ తిప్పి చూడండి. ముక్కు ముందుకు పెట్టి తిరిగితే ఎగరేయవచ్చు.

6. మెల్లగా దిగాలంటే

పారాచూట్‌ను కూడా 1.6 రెట్లు చేయాలనుకుంటారు. అవసరం లేదు. దిగేటప్పుడు నీళ్లు ఉండవు. ఖాళీ బరువు రెండింతలే పెరిగింది కాబట్టి పారాచూట్ వైశాల్యం రెండింతలు చాలు. వైశాల్యం రెండింతలు కావాలంటే వెడల్పు ఒకటిన్నర రెట్ల లోపే. చిన్నదానికి 45 సెం.మీ. వెడల్పు ప్లాస్టిక్ కవరు, పెద్దదానికి 65 సెం.మీ. కవరు వాడినం. రెండూ ఒకే వేగంతో దిగుతాయి, సెకనుకు 3 మీటర్లు సుమారు. ఎక్కువ పెద్దది చేస్తే గాలికి కొట్టుకపోయి ఎవరి మిద్దె మీదనో పడుతుంది. ముక్కు టోపీని వదులుగా పెట్టాలి. పైకి పోయి తిరగబడే సమయానికి అదే జారి పారాచూట్ బయటికి వస్తుంది.

7. ఎంత ఎత్తు పోయింది?

కొలవడానికి ఒక కోణమానిని, దారం, చిన్న రాయి చాలు. కోణమానిని మధ్యలో దారానికి రాయి కట్టి వేలాడదీయాలి. రాకెట్టు నుండి 30 మీటర్ల దూరంలో నిలబడి కోణమానిని అంచు వెంట రాకెట్టును చూడాలి. దారం 90 నుండి ఎన్ని డిగ్రీలు జరిగిందో అదే కోణం. తర్వాత నోటుపుస్తకంలో 1 సెం.మీ. = 5 మీటర్లు అని పెట్టుకుని త్రిభుజం గీయాలి. భూమి 6 సెం.మీ. నిలువు గీతను కొలిచి 5తో గుణించి, మన కంటి ఎత్తు 1.5 మీటరు కలపాలి.

చిన్నది: 41 డిగ్రీలు. నిలువు 5.2 సెం.మీ. ఎత్తు సుమారు 27.5 మీటర్లు.
పెద్దది: 49 డిగ్రీలు. నిలువు 6.9 సెం.మీ. ఎత్తు సుమారు 36 మీటర్లు.

నీళ్లు నాలుగింతలు, గాలి నాలుగింతలు, పంపు కొట్టి చేతులు గుంజింది నాలుగింతలు. ఎత్తు మాత్రం ఒకటింబావు రెట్లకు కొంచెం పైన! ఎందుకు?

ఎత్తును నిర్ణయించేది రాకెట్టు సైజు కాదు, నిండు బరువును ఖాళీ బరువుతో భాగిస్తే వచ్చే అంకె. చిన్నదానికి 230 ÷ 65 = 3.5. పెద్దదానికి 800 ÷ 140 = 5.7. ఆ అంకె పెరిగింది కాబట్టే ఎత్తు కొంచెం పెరిగింది. అంకె రెండింతలయినా వేగం రెండింతలు కాదని కూడా సార్ చెప్పారు. ఈ సూత్రాన్ని రష్యాలో బడిపంతులుగా పనిచేసిన సియోల్కోవ్‌స్కీ 1903లో ప్రచురించాడు. కాబట్టి ఎత్తు కావాలంటే పెద్ద సీసా వెతకడం కన్న, ఉన్న సీసాకు అనవసరమైన టేపు, రంగు కాగితాలు తీసేసి బరువు తగ్గించడం మంచిది. సైజు పెంచితే ఖర్చు, ప్రమాదం తప్పకుండా పెరుగుతాయి. ఎత్తు పెరుగుతదని హామీ లేదు.

8. మన హైదరాబాదు రాకెట్టు

ఇదంతా పిల్లల ఆట లెక్క అనుకోకండి. పెద్దవాళ్లు కూడా ఇట్లాగే మెట్టు మెట్టుగా పోయినారు.

1967లో తుంబా నుండి ఎగిరిన మన దేశపు మొదటి రోహిణి రాకెట్టు పేరు ఆర్‌హెచ్-75. 75 అంటే దాని వెడల్పు, మిల్లీమీటర్లలో. అంటే 7.5 సెం.మీ., మన అర లీటరు సీసాకన్న ఒక వేలు ఎక్కువ! తర్వాత 125, 200, 300, 560 వచ్చినయి. ఒక్కసారే 75 నుండి 560కి దుంకలేదు. 1979 ఆగస్టు 10న, అబ్దుల్ కలాం గారు ప్రాజెక్టు డైరెక్టరుగా ఉన్నప్పుడు, 22 మీటర్ల ఎస్ఎల్‌వి-3 మొదటిసారి లేచి సముద్రంలో పడిపోయింది. రెండో అంతస్తును అదుపు చేసే భాగం పనిచేయలేదు. కారణం వెతికి, సరిచేసి, 1980 జులై 18న రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టినారు.

మన నగరం సంగతికి వస్తే, 2018లో పవన్ కుమార్ చందన, నాగ భరత్ డాకా అనే ఇద్దరు ఇస్రో ఇంజనీర్లు ఉద్యోగం వదిలి హైదరాబాదులో స్కైరూట్ అనే సంస్థ పెట్టినారు. వాళ్ల రాకెట్టు విక్రమ్-ఎస్ 2022 నవంబరు 18న శ్రీహరికోట నుండి లేచి 89.5 కి.మీ. ఎత్తుకు పోయింది. మన దేశంలో ప్రైవేటు సంస్థ చేసిన మొదటి రాకెట్టు అదే. పొడవు 6 మీటర్లు, బరువు 545 కిలోలు. సూటిగా పోవడానికి పక్కన నాలుగు చిన్న మోటార్లు పెట్టి దాన్ని బొంగరంలాగ తిప్పినారు.

వాళ్లు మోటార్లకు కలాం గారి పేరు పెట్టినారు. పక్కన ఉన్న అంకె దాని తోపు బలాన్ని సుమారుగా కిలోన్యూటన్లలో చెబుతుంది. 2020 డిసెంబరులో కలాం-5ను నేల మీద కట్టేసి కాల్చి పరీక్ష చేసినారు. తర్వాత విక్రమ్-ఎస్‌ను లేపిన కలాం-80, 2022లోనే కలాం-100, 2024లో కలాం-250. 2025 ఆగస్టు 8న శ్రీహరికోటలో కలాం-1200ను పరీక్షించారు. అది 11 మీటర్ల పొడవు, 1.7 మీటర్ల వెడల్పు, దాంట్లో పట్టే మందు 30 టన్నులు. విక్రమ్-ఎస్‌తో పోలిస్తే పొడవు రెండింతలు కూడా కాదు. కాని దాని మందు ఒక్కటే విక్రమ్-ఎస్ మొత్తం బరువుకు 55 రెట్లు! అగ్గిపెట్టెల లెక్క ఇక్కడ కూడా ఉంది. చదువుకున్న ఇంజనీర్లకే 5 నుండి 1200కు పోవడానికి దాదాపు ఐదేండ్లు పట్టింది. ప్రతి మెట్టు మీద ముందు నేల మీద పరీక్ష, తర్వాతనే ఆకాశం.

ఇది మగపిల్లల పని అనుకునే వాళ్లకు ఒక మాట. దేశంలోని 75 ప్రభుత్వ బడుల నుండి 750 మంది ఆడపిల్లలు కలిసి ఆజాదీశాట్ అనే చిన్న ఉపగ్రహానికి భాగాలు తయారు చేసినారు. 2022 ఆగస్టు 7న పంపిన ఉపగ్రహం సరైన కక్ష్యకు చేరక పోయింది. రెండోది 2023 ఫిబ్రవరి 10న చేరింది.

9. ఎక్కడ ఎగరేయాలి?

మన గోల్నాకలో మిద్దె పక్కన మిద్దె, తీగల మీద తీగ. చిన్నదాన్ని హాస్టల్ వాకిట్లో ఎగరేసినం కాని పెద్దదానికి అది చాలదు. ఎత్తు 36 మీటర్లు పోయేది గాలికి పక్కకు కూడా అంత దూరం పోవచ్చు. అందుకే సార్ అనుమతి అడిగి, తార్నాక పోయే దారిలో ఉన్న ఉస్మానియా క్యాంపస్‌లో చెట్లు, తీగలు లేని మైదానం చూసినారు. అక్కడ నడిచేవాళ్లకు, ఆడుకునేవాళ్లకు ముందే చెప్పి, చుట్టూ తాడు కట్టినం.

పెద్ద రాకెట్లకు ఇంకా పెద్ద జాగ కావాలి. శ్రీహరికోటకు తూర్పున అంతా సముద్రమే, రాకెట్టు పడినా నీళ్లల్లో పడుతుంది. భూమి కూడా తూర్పుకే తిరుగుతున్నది కాబట్టి అటువైపు పంపితే ఆ వేగం కలిసివస్తుంది. అక్కడి నుండి మొదటి రాకెట్టు, రోహిణి-125, 1971 అక్టోబరు 9న ఎగిరింది. కాని ఆ దీవి ఖాళీగా లేదు. యానాదులు అనే గిరిజనులు అక్కడ అడవి మీద, పులికాట్ సరస్సు చేపల మీద బతికేవారు. కేంద్రం వచ్చినప్పుడు చాలా కుటుంబాలు జాగ మారవలసి వచ్చింది. కొందరికి ఆ కేంద్రంలోనే పని దొరికింది. రాకెట్ల గురించి రాసిన వ్యాసాల్లో వాళ్ల పేరు ఉండదు. మన బడి గోడ మీద ఉండాలని రాసినాను. వాళ్ల పిల్లలు, మన పిల్లలు కూడా రాకెట్టు లెక్కలు చేసే రోజు రావాలి.

10. జాగ్రత్తలు

• కూల్‌డ్రింకు సీసాలే వాడాలి. మంచినీళ్ల సీసా పలచగా ఉంటుంది, పనికిరాదు.
• గీతలు పడిన, నలిగిన, ఎండకు పాతబడిన సీసా వద్దు. పదిసార్లు ఎగిరిన సీసాను పక్కన పెట్టాలి.
• నీళ్ల పరీక్ష చేయకుండా ఎగరేయరాదు. 45 పౌండ్లు దాటరాదు.
• చిన్నదానికి 10 మీటర్లు, పెద్దదానికి 20 మీటర్ల దూరం. పంపు కొట్టే వాళ్లు పొడవు ట్యూబు వాడాలి, కండ్లద్దాలు పెట్టుకోవాలి.
• గాలి నింపిన రాకెట్టు ఎగరకపోతే దగ్గరికి పోవద్దు. ముందు ట్యూబు నుండి గాలి వదలాలి.
• సార్ గాని, మేడం గాని లేకుండా ఎగరేయరాదు.
• మందు, పటాకులు, ఇనుప పైపు – ఎప్పుడూ వద్దు.

వార్డెన్ మేడం గారికి మనవి: వార్షికోత్సవం నాడు మిగిలే రెండు లీటర్ల ఖాళీ సీసాలను పారేయకుండా స్టోరు గదిలో పెట్టించగలరు. మీటరు ఉన్న సైకిల్ పంపు ఒకటి బడికి కొంటే ప్రతిసారి దుకాణం వాళ్లను అడిగే పని ఉండదు. ఎనిమిదో తరగతి చెల్లెళ్లు ఆ పైపును మీకు అప్పజెబితే దయచేసి కోప్పడవద్దు. వాళ్లకు ఒక అర లీటరు సీసా, ఒక బిరడా ఇప్పించండి. మిగతాది మేము నేర్పిస్తాం.

ఆలోచించండి (జవాబులు వచ్చే నెల గోడపత్రికలో):

1. సీసా 3 రెట్లు పొడవు, 3 రెట్లు వెడల్పు అయితే ఎన్ని రెట్ల నీళ్లు పడతాయి? పంపు ఎన్ని రెట్లు కొట్టాలి?
2. సీసా నిండా నీళ్లు పోస్తే రాకెట్టు ఎందుకు ఎగరదు? అసలు నీళ్లు పోయకపోతే ఏమవుతుంది?
3. తారాజువ్వకు పుల్ల ఎందుకు కడతారు? పుల్ల విరిచి కాలిస్తే ఎటు పోతుంది? (కాల్చి చూడవద్దు, ఆలోచించి చెప్పండి.)

ఇట్లు,
మీ తోటి విద్యార్థిని,
9వ తరగతి, 'బి' సెక్షన్.